ముందడిగినవాళ్ళకు ముందు

అవతల ఫోను మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తడం లేదు. పొద్దున లైబ్రరీ తలుపులు తీసి, బయటి ఆసుపత్రుల నుంచి వ్యాసాల కోసం వచ్చిన అభ్యర్థనలు చూసుకుంటుంటే, ఒకదాంట్లో సంపుటి సంఖ్యకూ సంవత్సరానికీ పొంతన కుదరలేదు. అడిగినవాళ్ళనే కనుక్కుందామని ఫోను చేశాను. మళ్ళీ చేశాను. ఆ మోత వింటూనే కాగితం మీది అంకెలు మళ్ళీ వేలు పెట్టి చదివాను. ఏదో విమానం కిందికి దిగుతున్నట్టుంది, కిటికీ అద్దాలు సన్నగా వణికాయి. పక్క బల్ల దగ్గర కూర్చున్న కొత్తమ్మాయి నా ముఖం చూసి, "తర్వాత చేద్దాం లెండి మేడం, ఎందుకంత పరేషాన్?" అంది. ఆమెకు అది ఎవరూ ఎత్తని ఫోను, అంతే. నాకు మాత్రం ఆ మోత వినగానే ఒక శుక్రవారం మధ్యాహ్నం గుర్తొస్తుంది. ఇదే గదిలో, ఫోను చెవికి గట్టిగా అదుముకుని, కళ్ళు మూసుకుని, "ఎత్తండ్రి, జర ఎత్తండ్రి" అని లోలోపల ఎవరినో బతిమాలుతూ నిలబడిన ఆండాలు మేడం కనిపిస్తుంది.

ఆమె మా మెడికల్ కాలేజీ లైబ్రేరియన్. శంషాబాద్ దాటాక, రోడ్డు మీంచి చూస్తే ఆసుపత్రి బోర్డు తప్ప మరేమీ కనబడని చోట మా కాలేజీ ఉంది. నేను లైబ్రరీ సైన్సు చదివి, మొదటి ఉద్యోగంగా ఆమె దగ్గర చేరాను. మాది మంఖాల్. బాపు కూరగాయలు పండించేవాడు, రెండు బర్రెలుండేవి. నా ఉద్యోగం ఏమిటో మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. "పుస్తకాలకు కావలి" అని బాపు ఊళ్ళో చెప్పుకునేవాడు. ఆండాలు మేడం సొంతూరు కందుకూరు. పొట్టి మనిషి. నూలు చీర కొంగుకు భుజం దగ్గర పిన్ను, చేతిలో ఎప్పుడూ ఒక రుమాలు. పాత పుస్తకాల దుమ్ము ఆమెకు పడేది కాదు, తుమ్ములు మొదలైతే ఆగేవి కావు. అలాంటి మనిషి బతుకంతా పాత పుస్తకాల మధ్యే గడిచింది.

ఆమెను చూడగానే ఎవరికైనా మొదట తెలిసేది ఆమె భయం. తాళం వేసి, నాలుగడుగులు నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చి లాగి చూసేది. పంపిన ఈమెయిలు చేరిందా లేదా అని ఫోను చేసి అడిగేది. కుర్ర డాక్టర్లు ఆమెకు టెన్షన్ మేడం అని పేరు పెట్టారు. ఒకసారి కోస్తా వైపు ఒక కాలేజీకి అరుదైన పుస్తకం ఒకటి అరువు పంపాం. ఆ వారమే అక్కడ తుఫాను. మేడం రోజూ అక్కడి లైబ్రేరియన్‌కు ఫోను చేసి, "సార్, పుస్తకం కింది అరల పెట్టిండ్రా? జర మీదికెక్కించుండ్రి" అనేది. చివరికి ఆయన విసుక్కుని, "అమ్మా, మా ఇంట్లోకే నీళ్ళొచ్చాయి, మీ పుస్తకాన్ని మాత్రం బీరువా మీద కూర్చోబెట్టాం" అన్నాడట. ఆ పుస్తకం రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టుకుని పొడిపొడిగా తిరిగొచ్చింది. నేను నవ్వాపుకోలేకపోయాను. ఆమె నవ్వలేదు. "పాపం, ఆయన ఇల్లు ఎట్లుందో అడగనే లేదు" అని వెంటనే మళ్ళీ ఫోను తీసింది.

నేను చేరిన కొత్తలోనే ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పని చెప్పింది. "స్వరూపా, లోకంల అచ్చైన వైద్యం పుస్తకాలన్ని ఒక్క తాన పెట్టుకునే తాఖత్ ఏ కాలేజికి లేదు. మనకు లేంది వేరేటోళ్ళను అడుగుతం. వాళ్ళకు లేంది మనల్ని అడుగుతరు. పుస్తకమైతే పార్సిల్ వస్తది, పత్రికల వ్యాసమైతే స్కాన్ చేసి పంపుతరు. గంతే." వినడానికి అంతే. కానీ ఆమె ఒక్కో అభ్యర్థన మీద పడే అవస్థ చూశాక ఆ 'గంతే'లో ఎంతుందో నాకు అర్థమైంది. ఇంటర్నెట్‌లో అన్నీ దొరుకుతాయనుకునే రోజులవి. దొరకనివి ఎన్నో ఉండేవి, ఇప్పటికీ ఉన్నాయి. పాత పత్రికల పేర్లు మారిపోతాయి, సంపుటాల సంఖ్యలు తారుమారవుతాయి. "ఒక్క అంకె తప్పు కొట్టినవనుకో, అవతల డాక్టరుకు వేరే రోగం కాగితాలు పోతయి" అనేది మేడం. అందుకే ప్రతి అంకెనూ వేలు పెట్టి, పైకి చదివి, నాతో మళ్ళీ చదివించేది.

మరో రెండు మాటలు కూడా ఆ రోజే చెప్పింది. ఎవరి కోసం అని అడగొద్దు. రోగి పేరు మనకు అక్కర్లేదు. రెండోది, ముందడిగినవాళ్ళకు ముందు. "మరి అర్జంటని రాస్తారు కదా మేడం?" అన్నాను. ఆమె నావైపు దిగులుగా చూసింది. "అందరు అర్జంటనే రాస్తరు బిడ్డా. నిజంగ ఎవరిది అర్జంటో గీడ కూసుంటే నాకెట్ల తెలుస్తది? అందుకే వొచ్చిన వరుస చూస్త. అది తప్పితే నాకింకో లెక్క తెల్వది."

అప్పుడా మాట నాకు ఆఫీసు పద్ధతుల్లో ఒకటిగా మాత్రమే వినిపించింది.

రెండేళ్ళ తర్వాత, వానలు తగ్గాక, బాపుకు జ్వరం మొదలైంది. వచ్చేది, పోయేది. సాయంత్రాలు ఒళ్ళంతా చెమటలు. నడుం నొప్పి అంటే పొలం పని చేసే మనిషికి మామూలే అనుకున్నాం. ఊళ్ళో సూదులు వేయించాం, తగ్గినట్టే తగ్గేది. ఒక పొద్దున మంచం మీంచి లేవబోయి కింద కూర్చుండిపోయాడు. "కాళ్ళు నావి గానట్టున్నయ్ బిడ్డా" అన్నాడు. మా ఆసుపత్రికే తెచ్చాం. స్కానింగులో వెన్నుపూసల మధ్య పాడైందని, పక్కన చీము చేరిందని తేలింది. సర్జన్ వచ్చి చూసి సోమవారం పొద్దున ఆపరేషన్ అన్నారు. ఆలస్యమైతే కాళ్ళు పూర్తిగా పడిపోవచ్చు. కానీ బాపు గుండె బలహీనంగా ఉంది, మత్తు తట్టుకుంటాడో లేదో చెప్పలేం. రెండు మాటలూ ఆయన ఒకే గొంతుతో చెప్పారు. అమ్మ నా మోచేయి పట్టుకుని వదల్లేదు.

ఆ వార్డు చూసే డాక్టర్ మాలిని గారు కృష్ణా జిల్లా ఆవిడ, నెమ్మదిగా మాట్లాడేవారు. శుక్రవారం పొద్దున రౌండ్లకు వచ్చినప్పుడు బాపు మంచం దగ్గర ఎక్కువసేపు నిలబడ్డారు. "మీ ఇంట్లో పశువులు ఉన్నాయాండీ?" అని అడిగారు.

"రెండు బర్రెలున్నయ్ మేడం."

"వాటిలో దేనికైనా ఈమధ్య నెలలు నిండకుండా దూడ పడిపోయిందా?"

నేను అమ్మవైపు చూశాను. అమ్మ తలూపింది. ఎండాకాలంలో చిన్న బర్రెకు అలాగే అయింది. బాపే చేతులతో అంతా శుభ్రం చేశాడు. పైగా పాలు పిండగానే, కాచకుండా, గుమ్మపాలు గ్లాసుతో తాగడం ఆయనకు చిన్నప్పటి అలవాటు. మాలిని గారు నన్ను వరండాలోకి పిలిచారు. "అందరూ క్షయ అనుకుంటున్నారు. కావచ్చు కూడా. కానీ పశువుల నుంచి సోకే జ్వరం ఒకటుంది, వెన్నుపూసలో అచ్చం ఇలాగే కనిపిస్తుంది. అదే అయితే చాలామందికి మందులతోనే నయమవుతుంది. దానికి రక్తపరీక్ష ఉంది గానీ, ఫలితం సోమవారంలోగా రాదు. మన పల్లెటూరి రోగుల మీదే, ఇలాంటి స్కానింగులతో, పాత వ్యాసం ఒకటుందని మా ప్రొఫెసర్ గారు చెప్పేవారు. అది నా చేతిలో ఉంటే సర్జన్ గారితో కూర్చుని మాట్లాడగలను. ఉత్త అనుమానంతో ఆపరేషన్ ఆపమని అడగలేను కదండీ" అన్నారు. అభ్యర్థన రాసి సంతకం చేశారు. పైన 'అర్జంటు' అని రాసి కింద గీత కూడా గీశారు.

నేను మెట్లు దిగి లైబ్రరీలోకి పరుగెత్తాను. ఆ వ్యాసం ఎక్కడా ఆన్‌లైన్‌లో లేదు. ఉత్తరాదిన ఒక పెద్ద వైద్య గ్రంథాలయంలో ఆ సంపుటి ఉన్నట్టు తేలింది. వాళ్ళు చాలా నమ్మకస్తులు. అడిగితే ఆ సాయంత్రానికే పంపేవారు. కానీ అక్కడ పాత సంపుటాలు వెతికి తీసే మనుషులు తక్కువ. అందుకని ఒక్కో కాలేజీకి రోజుకు ఒక్క వ్యాసమే. మర్నాడు రెండో శనివారం, ఆ తర్వాత ఆదివారం. ఆ శుక్రవారం అడిగింది దొరికితే దొరికినట్టు, లేకపోతే సోమవారమే. సోమవారం పొద్దున బాపును ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్తారు.

ఆండాలు మేడం కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. నేను చెప్పిందంతా విని కాగితం అందుకుంది. అందుకున్న చేయి అక్కడే ఆగిపోయింది. "స్వరూపా," అంది, "పొద్దున ఇంకోటి వొచ్చింది. గదే పంపబోతున్న."

అది అడవి ప్రాంతంలో ఒక చిన్న సర్కారు దవాఖాన నుంచి వచ్చింది. వాళ్ళకు సొంత లైబ్రరీ లేదు, ఎప్పుడైనా మా ద్వారానే అడిగేవారు. పుట్టిన పిల్లల్లో ఏ మందుకూ ఆగని మూర్ఛల గురించిన వ్యాసం కావాలని ఆ డాక్టరు రాశాడు. అదీ ఆ పెద్ద గ్రంథాలయంలోనే ఉంది. దాని మీదా 'అర్జంటు' అనే ఉంది.

"మేడం, అది ఎవరి సెమినార్‌కో అయి ఉంటది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "పరీక్షకు చదువుకుంటున్నడేమో. గక్కడ నిజంగ రోగి ఉన్నడని ఏంది గ్యారంటీ? ఈడ మా బాపు పైన వార్డుల పండుకోని ఉన్నడు మేడం. మీరు చూసిండ్రు."

"చూసిన బిడ్డా."

"మరి?"

"సెమినార్‌కే కావొచ్చు. కాకపోవొచ్చు. మనకు తెల్వది." ఆమె ఫోను తీసింది. "అడుగుదాం. ఆగుతడంటే నీదే పంపుత."

అప్పుడే అవతల ఆ ఫోను మోగింది, మోగుతూనే ఉంది. ఆమె నంబరు మళ్ళీ నొక్కింది. ఆఫీసు నంబరు, వార్డు నంబరు, డాక్టరు రాసిన సెల్ నంబరు. సెల్ అందుబాటులో లేదు. మిగతావి ఎవరూ ఎత్తలేదు. నేను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. తాళం మూడుసార్లు లాగి చూసే మనిషి, ఈమెయిలు చేరిందో లేదోనని నిద్ర పోని మనిషి, ఆ మధ్యాహ్నం ఎంత సతమతమైందో నేను కళ్ళారా చూశాను. అవతల పెద్ద గ్రంథాలయంలో మధ్యాహ్నం దాటాక అభ్యర్థనలు తీసుకోరు. ఇంకా ఆగితే ఇద్దరికీ దక్కదు.

చివరికి ఆమె ఫోను పెట్టేసింది. పిల్లల మూర్ఛల కాగితం ముందు పెట్టుకుంది. అంకెలు వేలు పెట్టి పైకి చదివింది. ఈసారి నన్ను మళ్ళీ చదవమని అడగలేదు. పంపేసింది.

నేను అక్కణ్ణుంచి కదిలాను. తలుపు దగ్గర ఉండగా వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది. "నీది నేను తెస్త. ఎట్ల తెస్తనో నాకిప్పుడు తెల్వది. తెస్త."

నేను వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ తర్వాత ఆమె చేసినవి నాకు ఫోనులో కొంచెం, తర్వాత కొంచెం తెలిశాయి. నగరంలో ఒక పాత వైద్య గ్రంథాలయంలో ఆ సంపుటి ఉండాలి. జాబితాలో పేరుంది. కానీ భవనం మరమ్మతులప్పుడు పాత పత్రికలన్నీ మూటలు కట్టి ఒక గోదాంలో వేశారు. అంతకుముందు ఏవైనా అడిగితే, మూటలు విప్పేదాకా తీయలేమనే జవాబే వచ్చేది. అక్కడి లైబ్రేరియన్ హబీబ్ గారు. మేడం, ఆయన ఏళ్ళ తరబడి ఫోనులో మాట్లాడుకున్నారు, వ్యాసాలు పంపుకున్నారు. ఒకరి ముఖం ఒకరు ఎప్పుడూ చూడలేదు. ఆయన ఇల్లు పహాడీ షరీఫ్ దగ్గర. శనివారం సెలవు. మేడం ఫోను చేసి సంగతి చెబితే, ఆయన ఒక్క మాట అన్నారట. "ఫికర్ చెయ్యకండ్రి మేడం. తాళంచెవి నా దగ్గరనే ఉన్నది. మీరు రాండ్రి, ఇద్దరం కలిసి మూటలు విప్పి లెంకుదాం."

శనివారం పొద్దున నేను వార్డులో ఉన్నాను. బాపు కాళ్ళ మీద దుప్పటి సర్దుతుంటే ఆయనకు తెలియడం లేదు, అది నాకు తెలుస్తోంది. ఫోను మోగింది.

"స్వరూపా, గోదాంల ఉన్నం. మూటలు శాన ఉన్నయ్. ఇంక దొరకలే. నువ్వేమన్న తిన్నవా?"

"తిన్న మేడం" అన్నాను. తినలేదు. ఆమె తుమ్ముతోంది, మాటకూ మాటకూ మధ్య తుమ్ముతోంది. కాసేపటికి మళ్ళీ ఫోను. ఇంకా దొరకలేదు. మళ్ళీ ఫోను. ఆ పత్రిక దొరికింది, ఆ సంవత్సరం లేదు. ఏమీ లేదని చెప్పడానికే అన్నిసార్లు ఎందుకు చేస్తోందని నాకు కోపం వచ్చింది. ఫోను రాకపోతే ఇంకా భయం వేసింది. ప్రతి మోతకూ అమ్మ నా ముఖంలోకి చూసేది.

మధ్యాహ్నం బాపు కళ్ళు తెరిచి, "ఏంది, ఎవరు గన్నిసార్లు ఫోను జేస్తున్నరు?" అన్నాడు. దాచే ఓపిక లేక అంతా చెప్పేశాను. ఒకే ఒక్క వ్యాసం వచ్చే వీలుండిందని, మేడం దాన్ని ఎవరికో పంపిందని, ఇప్పుడు మనదాని కోసం మూటలు విప్పుతోందని. బాపు విన్నాడు. తర్వాత, "నా నడుం కోస్తే నేను మళ్ళ లేస్తనా బిడ్డా?" అని అడిగాడు. ఆయన గోడవైపు తిరిగాడు. కొంతసేపయ్యాక గోడవైపే చూస్తూ, "ఆ ఎవరికో అంటివి గదా, ఎవరికి?" అన్నాడు.

"తెల్వది బాపు. పుట్టిన పిల్లల రోగమంట."

"గంత చిన్న పిల్లలకా?" అన్నాడు.

సాయంత్రం ఎండ తగ్గాక ఆండాలు మేడం వార్డు మెట్లెక్కి వచ్చింది. ఆమెను చూసి మొదట గుర్తుపట్టలేదు. చీరంతా బూడిదరంగు దుమ్ము, కళ్ళు ఉబ్బి ఎర్రబారి సగం మూసుకుపోయాయి. వెనకే తెల్ల గడ్డంతో ఒక పెద్దమనిషి. ఆయనే హబీబ్ గారు. ఇంత దుమ్ముతో ఆమెను బస్సులో పంపడం ఇష్టం లేక తన స్కూటర్ మీద తెచ్చారు. ఆమె సంచిలోంచి జిరాక్సు కాగితాలు తీసింది. నా చేతికివ్వలేదు. "డాక్టరమ్మ ఎక్కడ?" అంది. మాలిని గారు వచ్చేదాకా కాగితాలను రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. ఆవిడ చేతిలో పెడుతూ కూడా, "మేడం, మూడో పేజిల ఒక మూలకు చెదలు తిన్నది. కొన్ని అక్షరాలు పోయినయ్. అవి ముఖ్యమైనవేమో చూడండ్రి, అయితే ఇంకోకాడ అడుగుత" అంది. హబీబ్ గారు నవ్వి, "పొద్దుగాల నుంచి మూల గురించే గీ బాధ" అన్నారు.

మాలిని గారు కిటికీ దగ్గర నిలబడి చదివారు. నేను ఆవిడ ముఖాన్ని చదవాలని చూశాను. ఒక పేజీ దగ్గర ఆగి వెనక్కి తిప్పారు, మళ్ళీ ముందుకు. "ఇది ఆపరేషన్ వద్దని చెప్పడం లేదండీ" అన్నారు చివరికి. "వీళ్ళలో కొందరికి ఆపరేషన్ కూడా చేయాల్సి వచ్చింది. కానీ ముందు ఆ రక్తపరీక్ష చేసి, మందులు మొదలుపెట్టి, జాగ్రత్తగా చూస్తూ ఆగవచ్చని చెబుతోంది. మీ నాన్నగారి స్కానింగు వీళ్ళ బొమ్మల్లాగే ఉంది. ఇది చాలు, నేను సర్జన్ గారితో మాట్లాడతాను."

ఆదివారం ఆవిడా సర్జన్ గారూ కూర్చుని మాట్లాడుకున్నారు. రక్తం పరీక్షకు పంపారు. కాళ్ళ బలం ఏమాత్రం తగ్గినా వెంటనే ఆపరేషన్, అప్పటిదాకా ఆగుదాం అన్నారు. ఆ తర్వాత గడిచిన రోజులు ఆ శుక్రవారం కంటే నయమేమీ కాదు. రోజూ పొద్దున డాక్టరు వచ్చి బాపు పాదాన్ని పట్టుకుని, "వేలు కదపండి" అనేవారు. మేమంతా ఆ వేలివైపే చూసేవాళ్ళం. ఒకరోజు కదిలినట్టే ఉండేది, మరుసటి రోజు కదలనట్టే ఉండేది. పరీక్ష ఫలితం వచ్చింది. మాలిని గారి అనుమానమే నిజం. మందులు పనిచేశాయి, చాలా నెమ్మదిగా, మా ఓపికంతా తాగేసి పనిచేశాయి. బాపు చేతికర్రతో ఇంటికి నడిచొచ్చాడు. ఎడమ కాలు ఇప్పటికీ కొంచెం ఈడుస్తాడు. పాలు మాత్రం కాచి తాగుతాడు, అమ్మ ఎదురుగా నిలబడితేనే.

ఆ అడవి దవాఖాన నుంచి మాత్రం కబురు రాలేదు. పెద్ద గ్రంథాలయం ఆ శుక్రవారం సాయంత్రమే వ్యాసం పంపింది. మేడం దాన్ని వెంటనే ఆ డాక్టరుకు పంపింది. చేరిందని ఒక్క ముక్క జవాబు లేదు. బాపును ఇంటికి పంపాక నేను పనిలోకి వచ్చేసరికి, ఆమె మధ్యాహ్నాలు ఆ నంబరుకు ఫోను చేస్తూ కనిపించేది. ఎట్టకేలకు ఒకసారి ఎవరో ఎత్తారు. ఆ డాక్టరు బదిలీ మీద పోయాడట. "మూర్ఛల పిల్ల ఎట్లుందండి?" అని మేడం అడిగింది. "ఏ పిల్లండీ? ఇక్కడికి రోజూ ఎంతోమంది పిల్లలొస్తారు" అంది అవతలి గొంతు. మేడం ఫోను పెట్టేసి, రుమాలుతో ముఖం తుడుచుకుని, తర్వాతి అభ్యర్థన తీసింది. ఎవరి కోసం అని అడగొద్దని నాకు చెప్పిన మనిషి ఆ ఒక్కసారే ఆ మాట తప్పడం చూశాను.

ఆమె పదవీ విరమణ చేసిన రోజు చిన్న సభ జరిగింది. టెన్షన్ మేడం గురించి డాక్టర్లు సరదా మాటలు చెప్పారు, ఆమె కూడా నవ్వింది. అందరూ వెళ్ళిపోయాక ఇద్దరమే అరల మధ్య కూర్చున్నాం. ఎన్నాళ్ళుగానో నా గొంతులో ఉన్న ప్రశ్న అప్పుడు అడిగాను.

"మేడం, ఆ శనివారం గోదాంల అది దొరక్కపోతే?"

ఆమె చేతిలోని రుమాలు మడిచింది. "దొరక్కపోతే నువ్వు జీవితంల నాతోని మాట్లాడకపోతుంటివి" అంది. "నేను గూడ నాతోని మాట్లాడకపోతుంటి."

"మరి ఎట్ల పంపగలిగిండ్రు మేడం?"

"ధైర్యంతోని పంపిన అనుకున్నవా? భయంతోని పంపిన. నీ బాపు మొకం నేను చూసిన. అవతలోళ్ళ మొకం చూడలే. చూసినోళ్ళకే ముందు ఇచ్చుడు మొదలువెడితే, ఇగ చూడనోళ్ళు ఎవరిని అడగాలె?" ఆమె లేచి కొంగు దులుపుకుంది. "ఆ దినం తప్పు చేసిననో ఒప్పు చేసిననో నాకు ఇప్పటికి తెల్వది స్వరూపా. నువ్వు నన్నడిగితే నేనేం చెప్పాలె?"

తర్వాత ఆమె కందుకూరులో తమ్ముడి దగ్గర ఉండేది. ఫోను చేస్తే మొదటి మాట, "మనం బీహార్‌కు అరువిచ్చిన పుస్తకం తిరిగొచ్చిందా?" అనే అడిగేది. అది ఎప్పుడో తిరిగొచ్చింది. పోయిన చలికాలం మేడం ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. దుమ్ము వల్లేనని తమ్ముడు అన్నాడు. కడచూపుకు హబీబ్ గారు వచ్చారు. ఆమె ముఖాన్ని ఆయన జీవితంలో రెండోసారి చూడటం అదే.

ఇప్పుడా కుర్చీలో నేను కూర్చుంటున్నాను. ఆమె నాకిచ్చింది పని తెలిసిన చేయి ఒక్కటే అయితే ఇంత బరువుండేది కాదు. ఎవరో తెలియని ఊళ్ళో, ఎవరో తెలియని మనిషి కోసం నాకు గుండె దడదడలాడుతుంది. వ్యాసం పంపాక అది చేరిందని తెలిసేదాకా అన్నం సయించదు. ఇంట్లోవాళ్ళు దీన్ని జబ్బంటారు. మందు వేసుకోమని కూడా ఒకరిద్దరు చెప్పారు. ఇది తగ్గిపోతే నేను ఈ పని ఎలా చేస్తానో నాకు తెలియదు.

ఆదివారాలు మంఖాల్ పోతాను. బాపు చేను గట్టున టమాట గంపల పక్కన కూర్చుని ఉంటాడు. ఊరి సంగతులు, ధరల సంగతులు అయిపోయాక, ఎప్పుడో ఒకప్పుడు తప్పకుండా అడుగుతాడు.

"ఆ పిల్లగాని సంగతి ఏమన్న తెల్సిందా బిడ్డా?"

పిల్లగాడో పిల్లనో మాకు తెలియదు. అసలు ఉన్నారో లేదో తెలియదు. బాపు మాత్రం ఎప్పుడూ పిల్లగాడనే అంటాడు.

"తెల్వలే బాపు."

ఆయన ఎడమ మోకాలు చేత్తో నిమురుకుంటాడు.

"నడుస్తుండొచ్చు తీ, ఈపాటికి" అంటాడు.